ఎర్రనేల మీద తెల్లపిల్ల కోసం

మా తెనాలిలో నన్ను పాత సినిమాల పిచ్చిది అంటారు. ఎవరింట్లో అటక దులుపుతున్నారని తెలిసినా వెళ్ళి నిలబడతాను, పాత పాటల పుస్తకాలు ఏమైనా కింద పడతాయేమోనని. అలా పడ్డదే ‘ఎర్రనేల తెల్లపిల్ల’ పాటల పుస్తకం. రైలు మార్గం వేయించడానికి వచ్చిన తెల్లదొర కూతురు, అక్కడే గొర్రెలు కాసుకునే కుర్రవాడు ప్రేమించుకుంటారు. నల్లవాడికి పిల్లనివ్వనంటాడు దొర. కుర్రవాడు బంగళా ముందుకొచ్చి నిలబడతాడు. దొర తుపాకీ ఎత్తుతాడు. అక్కడికి కథ ఆపేసి, తర్వాత ఏమయిందో వెండితెర మీదే చూసుకోమన్నారు.

చూసుకుందామంటే సినిమా లేదు. నలుపు తెలుపుల కాలంలో ఇంత ధైర్యంగా తీసిన కథ నాలుగు రోజులు కూడా ఆడకుండా పోయింది. సినిమా చరిత్రలు రాసేవాళ్ళు కూడా దాని పేరెత్తరు. ఎన్నో ఏళ్ళు విచారించాక తెలిసిందేమిటంటే, ఒకే ఒక్క ప్రింటు కదిరిలో మస్తాన్‌వలి అనే ఆయన మంచం కింద ఉందని. శ్రావణం సగం గడిచినా చినుకు పడని రోజుల్లో బయల్దేరాను.

కదిరి

రైలు దిగగానే ఆకలి. స్టేషన్ బయట బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తప్ప మరోటి లేదు. మా వైపు మరమరాలు సాయంత్రం కాలక్షేపం. ఇక్కడ వాటినే బొరుగులు అంటారు, నానబెట్టి తాలింపు వేసి పొద్దున్నే కడుపునిండా తింటారు. ముప్పై రూపాయలకు అంత పెట్టాడు. బజ్జీ కొరికాక కాసేపు నాకు ప్రపంచం కనిపించలేదు.

“నీళ్ళు తాగొద్దు మేడం, మంట జాస్తి అయితాది. ఇంకో బజ్జీ తినండి, సరిపోతాది” అన్నాడు బండాయన. విచిత్రంగా సరిపోయింది.

మస్తాన్‌వలి వాళ్ళ నాయన ఒకప్పుడు టెంటు సినిమా నడిపాడట. టెంటు పోయింది, చిన్న ప్రొజెక్టరు, ఈ ఒక్క సినిమా మిగిలాయి. మంచం కింద నుంచి డబ్బాలు బయటికి లాగాడు. చివరి డబ్బాకు కుంకుమ బొట్టు, మీద మల్లెపూలు. సాయిబు గారింట్లో సినిమా డబ్బాకు పూజ ఏమిటని నేను తెల్లబోయి చూశాను.

“దాంట్లో స్వామి ఉండాడు కదమ్మా” అన్నాడు.

విషయమేమిటంటే, ఈ సినిమాకు చివరి రీలు లేదు. దొర తుపాకీ ఎత్తగానే బొమ్మ అయిపోతుంది. మొదటిసారి ఆడించిన రోజే జనం కోపంతో టెంటు గుంజలు పీకారట. మరునాటికి మస్తాన్ వాళ్ళ నాయన ఒక ఉపాయం చేశాడు. తన దగ్గరున్న ఏదో భక్తి సినిమాలోంచి చివరి రీలు తీసి దీనికి అతికించాడు. ఇప్పుడు దొర తుపాకీ ఎత్తగానే స్తంభం పగులుతుంది, నరసింహస్వామి వస్తాడు.

“వచ్చి?”

“వచ్చి దొరను చంపుతాడు. అంటే, హిరణ్యకశిపుని చంపుతాడు. ఇద్దరికీ మీసాలుండాయి, ఎవురూ అడగలేదు.”

నేను తల పట్టుకున్నాను. రంగు పట్టింపుల మీద తీసిన గొప్ప చిత్రం, ఇలా ముగుస్తుందా? అసలు ముగింపు ఏమిటో ఎవరికి తెలుసునని అడిగాను. గోరంట్ల అవతల పల్లెలో ఒకామెకు తెలియాలన్నాడు. తెల్లపిల్ల వేషం కట్టింది ఆమేనట. పైగా ఎల్లుండి ఆ ఊళ్ళోనే ఆట ఉంది.

“పండగా?”

“కాదమ్మా, వాన కోసం. ఆ సినిమా తీస్తాండంగనే పెద్ద వాన వచ్చిందంట. అప్పట్నుంచి వాన రాకుంటే ఆ ఊరోళ్ళు ఈ బొమ్మ ఆడిస్తారు.”

గోరంట్ల బస్సు

డబ్బాలూ ప్రొజెక్టరూ తీసుకుని బస్సెక్కాం. కండక్టరు లగేజీ టికెట్ అడిగాడు. డబ్బాలో నరసింహస్వామి ఉన్నాడని మస్తాన్‌వలి చెప్పాడు. కండక్టరు ఆ స్వామి వెలసిన కదిరివాడే. బొట్టూ పూలూ చూసి చెప్పులు విప్పి దండం పెట్టుకున్నాడు. ముందు సీట్లో కూర్చున్న నన్ను లేపి ఆ డబ్బాను కూర్చోబెట్టాడు. గోరంట్ల దాకా నేను నిలబడే వెళ్ళాను. కిటికీలోంచి అంతా ఎర్రనేల, మోకాలెత్తు కూడా రాని చెనిక్కాయ చెట్లు, అంటే మా వైపు వేరుశనగే, మధ్యమధ్య రాతిగుట్టలు. కాలవ గట్ల మధ్య పెరిగిన నాకు అంత ఖాళీ ఆకాశం చూస్తే ఎవరో ఇంటి కప్పు తీసేసినట్టు అనిపించింది.

లక్ష్మీదేవమ్మ ఇల్లు

ఊరి పేరు రాయవద్దని ఆమె నా చేత ఒట్టు వేయించుకుంది. రాస్తే సినిమావాళ్ళు మళ్ళీ వస్తారట.

ఎనభై దాటిన మనిషి. పలచగా, నిటారుగా ఉంది. చిన్నప్పుడు డ్రామాల్లో వేషాలు కట్టేదట, అక్కడ చూసి సినిమాకు తీసుకున్నారు.

“మొగానికి తెల్లపిండి పూసినారు పాపా. మెడకు పూసేలోపల మొగానిది కారిపోయేది. మెడకు పూస్తే చేతులది. ఒక్కనాడన్నా నేను నిలువునా తెల్లగా ల్యా” అంది. బంగారు జుట్టు కోసం గోగునారకు పసుపు రంగు వేసి తలకు కట్టారట. గొర్రెలు వచ్చి దాన్ని నమిలేవట. మద్రాసు నుంచి వచ్చిన హీరోకు గొర్రెలంటే భయం. అందుకని గొర్రెల మధ్య కనిపించే గొల్లవాడి వేషానికి గొర్రెల అసలు యజమానినే నిలబెట్టారు. ఆయన్నే ఆమె పెళ్ళి చేసుకుంది.

ఆ దంపతుల కొడుకు నారాయణప్ప. యాభై అయిదేళ్ళ రైతు. ఆ సినిమా అంటే ప్రాణం. నేను అడగకుండానే కథంతా చెప్పాడు. ‘నల్ల మనిషికి మా బేబీని ఇవ్వదు’ అని దొర అనే చోటికి వచ్చేసరికి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

“రంగు చూసి మనిషిని కాదంటాడే, ఆ దొరది ఎంత రాతిగుండె అక్కా!”

అప్పుడే వాకిట్లో ఎవరో పిలిచారు. “అన్నా, ఇత్తనాల మూట తెచ్చినా. యాడ దించేది?” అచ్చమైన అనంతపురం మాట. తొంగి చూస్తే భుజం మీద మూటతో ఆఫ్రికా మనిషి, గడపను మించిన పొడుగు. నారాయణప్ప ముఖం తిప్పుకున్నాడు.

“ఆడే దించు. లోపలికి రావాకు, తల తగుల్తాది.”

ఆయన పేరు లింబాని. మలావీ దేశం. మెట్టసేద్యం మీద పనిచేసే ఒక సంస్థలో చెనిక్కాయ పంట చూడడానికి వచ్చాడు. ఊరంతా లింగన్న అంటారు. రైతుల దగ్గరే నేర్చుకున్నాడు కాబట్టి అతని తెలుగు వాళ్ళ తెలుగే. నా మాట మాత్రం ఆ ఇంట్లో సగం మందికి అర్థం కాలేదు. ఒక ముసలాయన లింబానీని పిలిచి, “ఈయమ్మ ఏమంటాందో చెప్పప్పా” అన్నాడు. లింబాని నా తెలుగును తెలుగులోకి మార్చి చెప్పాడు.

అతనూ నారాయణప్ప కూతురు సుజాతా ఒకే సంస్థలో పనిచేస్తారు. పెళ్ళి చేసుకుంటామని అడిగి చాలా కాలమైంది. ఆ సంగతి సుజాతే చెప్పింది, సంగటి గెలుకుతూ. “మా నాయన రోజుకో మాట చెప్తాడు మేడం. ఒకనాడు పొడుగు జాస్తి అంటాడు. ఒకనాడు కులమేంది అంటాడు. వాళ్ళింట్లో గొర్లుండాయని తెలిసినాక ఊర్లో పెద్దోళ్ళు మనోళ్ళే అయినట్లుండాది అని మాట్లాడుకున్నారు. అయినా మా నాయన ఒప్పుకోల్యా. అసలు మాట రంగే.”

“నీకు వేరే సంబంధాలు చూశారా?”

“చూసినారు. వచ్చినోళ్ళంతా నేను నలుపని పోయినారు” అని నవ్వింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. అతని ఉద్యోగం ఈ పంటతో ముగుస్తుంది. ఆ తర్వాత అతను వెళ్ళిపోవాలి.

రాగిసంగటి, ఊరుబిండి అనే చెనిక్కాయ పచ్చడి పెట్టింది. ముద్దలో గుంట చేసి నెయ్యి పోసుకోవడం నాకు చేతకాక నెయ్యంతా కంచం దాటి చీర మీదికి వచ్చింది.

గోడౌనులో ఆట

చెనిక్కాయలు నిలవచేసే గోడౌనులో మధ్యాహ్నం ఆట. తెల్లపంచెలు కలిపి కుట్టి తెర కట్టారు. కిటికీలకు టార్పాలిన్లు కప్పినా రేకుల కప్పుకున్న చిల్లుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా తెర మీద పడుతూనే ఉంది. దొర ముఖానికి మశూచి వచ్చినట్టుంది. వాన కోసం ఆడే బొమ్మ కాబట్టి ఊరంతా తలస్నానం చేసి వచ్చింది. సర్పంచి ఓబుళేసు కొబ్బరికాయలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. స్వామి వచ్చేటప్పుడు హారతి ఇవ్వడం హీరోయిన్ గారి కుటుంబం వంతు. కర్పూరం పళ్ళెంతో నారాయణప్ప ముందు వరసలో సిద్ధంగా ఉన్నాడు. లింబానీని వెనక గోడకు ఆనుకుని నిలబడమన్నారు, తల అడ్డమని.

సినిమా నేను అనుకున్నంత గొప్పదే. పిండి కారుతోంది, జుట్టు ఊడుతోంది, అయినా పద్దెనిమిదేళ్ళ లక్ష్మీదేవమ్మ తెర మీదికి రాగానే నేను మిగతావన్నీ మరిచిపోయాను. గొర్రెల మంద మధ్య నిలబడి ఆ కుర్రవాడి చేయి తన చేయి పక్కన పెట్టి చూసుకుంటుంది. మాటలుండవు, ఆ చూపే అంతా. అప్పటికే పిండి చెదిరి రెండు చేతులూ ఒకే రంగులో ఉన్నాయి. దర్శకుడు అలా కావాలని తీశాడో, చెమట వల్ల అలా వచ్చిందో తెలియదు.

దొర బంగళా గుమ్మంలోకి వచ్చాడు. “నల్ల మనిషికి మా బేబీని ఇవ్వదు!”

గోడౌనులో జనమంతా కోపంతో మండిపోయారు. అందరికంటే పెద్ద గొంతు నారాయణప్పది. పళ్ళెం పట్టుకుని లేచి నిలబడి అరిచాడు. “ఇయ్యి రా పిల్లను! రంగులో ఏముండాది? మనిషి గుణం చూడు!”

లక్ష్మీదేవమ్మ కుర్చీలోంచి వెనక్కి తిరిగింది. “నారాయణా, ఎవురికి చెప్తాండావు?”

 ఎవరో ఆపుకోలేక కిసుక్కుమన్నారు, అంతే, గోడౌనంతా నవ్వు. నారాయణప్ప పళ్ళెం కింద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు. హారతి ఇచ్చేవాడు లేడని మస్తాన్‌వలి మిషన్ ఆపేశాడు.

కానుగ చెట్టు నీడ

నిన్నటి వరకూ ఈ పెళ్ళి వద్దన్నవాళ్ళలో మొదటివాడు సర్పంచి ఓబుళేసే. ఇప్పుడు కొబ్బరికాయతో పరుగున వచ్చి నారాయణప్ప ముందు కూర్చున్నాడు.

“ఏమప్పా, బొమ్మ మధ్యలో నిలబెట్టినావు. స్వామి రాకపోతే వాన యాడిది?”

“వేరే ఎవురైనా ఇయ్యండి హారతి.”

“మీ ఇంటోళ్ళు ఇయ్యాల. ఆచారం. ఇప్పుడు ఏం చేస్తే లేస్తావు చెప్పు. ఆ పిల్లను లింగన్నకు ఇచ్చెయ్యి, పీడ పోతాది. చెనిక్కాయ ఎండిపోతాంది.”

ఊరు ఊరంతా అదే పాట అందుకుంది. నిన్న రంగు గురించి మాట్లాడినవాళ్ళు ఇవాళ ఊడల గురించి మాట్లాడుతున్నారు, భూమిలోకి దిగకుండా ఎండిపోతున్న చెనిక్కాయ ఊడలు. ఒకాయన లింబానీకే సలహా ఇచ్చాడు, “మామ కావల్సినోన్ని అన్నా అంటే యాడ ఇస్తాడప్పా పిల్లను? మామా అని పిలువు.”

 నారాయణప్ప మెల్లగా అన్నాడు.

“ఈడ ఉన్నన్నాళ్ళు సరే. ఆడికి తీస్కపోతే? ఆడ నా బిడ్డ ఒక్కతే వేరే రంగు. ఎవురన్నా ఒక మాటంటే ఏడ్చేదానికి కూడా పక్కన ఎవురుండరు.”

అప్పటిదాకా నాకు ఆయన మీద ఉన్న కోపం సగం తగ్గింది.  లింబాని ఆయన ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

“మా అమ్మ కూడా అదే అడుగుతాంది మామా. ఆమెకు కూడా ఈ పెండ్లి ఇష్టం ల్యా.”

నారాయణప్ప తలెత్తాడు. “ఇష్టం ల్యా? యాల? నా బిడ్డకేం తక్కువ?”

“ఆమెనే అడుగు” అని లింబాని ఫోన్ తీసి వీడియో కలిపాడు. అక్కడింకా మధ్యాహ్నం కాలేదు. పొయ్యి ముందు కూర్చున్న లావాటి పెద్దావిడ కనిపించింది, తలకు గుడ్డ, చేతిలో పెద్ద తెడ్డు. చుట్టూ ఊరు ఊరంతా ఫోన్ మీదికి వంగింది. ఆవిడ గడగడా ఏదో అంది. లింబాని తెలుగులో చెప్పాడు.

“పిల్ల మంచిదే అంట. కానీ మరీ తెల్లగా ఉండాదంట. జబ్బు మనిషి మాదిరి. మా ఎండకు ఆగదంటాంది.”

నారాయణప్ప ఫోన్ దగ్గరికి జరిగాడు. “ఏమనింది?”

“తెల్లగా ఉండాదని.”

“మా సుజాతా? ఇంకోతూరి చెప్పమను.”

ఆవిడ మళ్ళీ చెప్పింది, ఈసారి ఇంకా గట్టిగా. నారాయణప్ప ఊరి వైపు తిరిగాడు. “విన్నారా?” అన్నాడు. ఇన్నేళ్ళూ సంబంధాలవాళ్ళు వచ్చి తన కూతుర్ని నలుపని వెళ్ళిపోతుంటే తలుపు దాకా సాగనంపిన మనిషి ఆయన. ముఖంలో ఆనందమో అవమానమో ఆయనకే తెలిసినట్టు లేదు. తర్వాత ఒక్కసారి ఫోన్ లాక్కుని వాదనకు దిగాడు.

“ఎండకు యాల ఆగదమ్మా? ఈ ఎండ చూడు!” అని ఫోన్‌ను సూర్యుడి వైపు తిప్పాడు. “దీంట్లో పుట్టింది. చెనిక్కాయ పీకుతాది, మూటలు మోస్తాది. తెలుపు నలుపు అని బిడ్డను కాదంటే ఎట్లమ్మా? పెద్దదానివి, గుణం చూడాల గదా!”

పిల్లనివ్వనన్న మనిషి పిల్లను తీసుకోమని బతిమాలుతున్నాడు. లింబాని ఒక్క ముక్క వదలకుండా అనువదించాడు. అవతల ఆవిడ తెడ్డు ఊపుతూ ఇంకా వాదిస్తోంది, వీళ్ళు ఏం తింటారో, తన చేతి వంట ఆ పిల్ల ఎలా తింటుందో అని. లక్ష్మీదేవమ్మ అప్పటికే ఇంటికి వెళ్ళి సంగటి ముద్ద కంచంలో పెట్టుకొచ్చింది. దాన్ని ఫోన్ ముందు పెట్టి చూపించింది. అటువైపు మాట ఆగింది. ఆవిడ తన పొయ్యి మీది గిన్నెను ఇటు వంచింది. రంగు తెలుపు, మొక్కజొన్న పిండి. మిగతాదంతా సంగటే. నంజుకోవడానికి చెనిక్కాయ పొడి వేసిన ఆకుకూర.

ఆవిడ కొడుకును ఏదో అడిగింది. లింబానీకి నవ్వాగలేదు. “ఇంత గట్టిగా గెలికేది వీళ్ళకు ఎవురు నేర్పినారు అంటాంది.”

“మా అత్త నేర్పింది అని చెప్పు” అంది లక్ష్మీదేవమ్మ. తెడ్డు దించి ఆవిడ మొదటిసారి నవ్వింది. ఆ తర్వాత ఇద్దరు పెద్దాడవాళ్ళు పిండి గడ్డ కట్టకుండా గెలకడం గురించి ఎంతసేపు మాట్లాడుకున్నారంటే, సర్పంచి కొబ్బరికాయ ఎండలో పగిలింది.

“సరే” అన్నాడు నారాయణప్ప ఎవరితోనో. “ఆమెకు ఇష్టమైతే నాకేం?”

నారాయణప్ప లేచి గోడౌనులోకి వచ్చి హారతి ఇచ్చాడు. స్తంభం పగిలింది, స్వామి వచ్చి హిరణ్యకశిపుణ్ణి పట్టుకున్నాడు. గోడౌనంతా చప్పట్లు. మీసాల పోలిక నేనూ ఒప్పుకున్నాను. వాన మాత్రం రాలేదు. హారతి ఆలస్యమైందని తీర్మానించారు.

సాయంత్రం అరుగు మీద లక్ష్మీదేవమ్మను అడిగాను, అసలు ముగింపు ఏమిటని. నేను వచ్చిందే అందుకు కదా.

“నాకేం తెల్సు పాపా? తలుపు కాడ నిలబడు, మీ నాయన దిక్కు చూడు, తర్వాతిది రేపు ఆలోచిస్తా అన్నాడు డైరెక్టరు. నిలబడినా. ఆ రాత్రి వాన పట్టింది. వాగు దాటి ఈడికి రాల్యాక అందరూ అట్లే మద్రాసు పోయినారు, మళ్ళా రాల్యా.”

కొత్తచెరువు

మరునాడు నన్ను బస్సెక్కించే నెపంతో నారాయణప్ప, సుజాత, లింబాని కొత్తచెరువు దాకా వచ్చారు. బస్టాండు పక్కన టైలరు దుకాణం. పెళ్ళి చొక్కాకు కొలతలు ఇద్దామని నారాయణప్పే లోపలికి నడిచాడు. తెల్లటి పట్టుగుడ్డ ఎంచాడు.

టైలరు టేపు మెడలో వేసుకుని లింబానీని కింద నుంచి పైదాకా చూశాడు. నారాయణప్పకు పాత పరిచయమే అనుకుంటాను. గొంతు తగ్గించాడు.

“అన్నా, తెల్లది వద్దులే. ఈయప్ప రంగుకు ఎట్ల కుదుర్తాది? అయినా ఈయప్ప మీకేం అయితాడు?”

నారాయణప్ప మెడ నరాలు ఉబ్బాయి. “అల్లుడు అయితాడు! రంగుతో నీకేం పని రా? గుడ్డ కుట్టేటోనివి గుడ్డ కుట్టు! రంగు చూస్తాడంట రంగు!” పక్క అంగళ్ళవాళ్ళు బయటికొచ్చారు. టైలరు ఏదో సర్దిచెప్పబోయాడు. నారాయణప్ప వినలేదు. గుడ్డ లాక్కుని, మమ్మల్నందర్నీ వెంటబెట్టుకుని ఎదురు వరసలో ఇంకో టైలరు దగ్గరికి నడిచాడు. నా బస్సు మా పక్క నుంచే వెళ్ళిపోయింది.

రోడ్డు మధ్యలో ఆగి, ఆయాసపడుతూ నా వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిజంగానే బాధపడుతున్నాడు.

“చూసినావా అక్కా? ఈ లోకంలో ఎట్లాంటి మనుషులుండారో!”

నా జవాబు కోసం ఆగకుండా ముందుకు వెళ్ళిపోయాడు. లింబాని నా పక్కకు వంగి, చాలా మర్యాదగా, “అక్కా, మొన్నటిదాకా ఈయప్పే కదా...” అని మొదలుపెట్టాడు.

సుజాత అతని చేయి పట్టి లాగింది.

“ఊరుకో. అడిగితే మళ్ళా గుర్తొస్తాది.”